సొంత కోటను తానే తగలబెట్టాడు: బ్లాక్ డగ్లస్ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

మీ నాన్నగారి ఇల్లు ఎవరో లాక్కున్నారు అనుకోండి. అప్పటికి మీకు పన్నెండేళ్లు కూడా సరిగ్గా లేవు. ఆ ఇల్లు ఎలాగైనా తిరిగి తెచ్చుకోవాలి అనే ఒకే ఒక్క ఆలోచనతో పెరిగి పెద్దయ్యారు. చివరికి ఒక రోజు ఆ ఇల్లు నిజంగానే మీ చేతికి వచ్చింది. గేటు తెరిచి ఉంది. శత్రువు ఒక్కడు కూడా అడ్డు లేడు. అప్పుడు మీరేం చేస్తారు?

మన కథలో కుర్రాడు ఏం చేశాడో తెలుసా? ముందు కూర్చుని భోజనం చేశాడు. తర్వాత ఆ ఇంటికి నిప్పు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ కుర్రాడి పేరు జేమ్స్ డగ్లస్. 1286 ప్రాంతంలో స్కాట్లాండ్‌లో పుట్టాడు, 1330లో స్పెయిన్‌లో చనిపోయాడు. స్కాట్లాండ్ వాళ్లు ఇతన్ని ‘గుడ్ సర్ జేమ్స్’ అంటారు. అంటే మంచి దొర అన్నమాట. పక్కనే ఉన్న ఇంగ్లండ్ వాళ్లు పెట్టిన పేరు మాత్రం ‘బ్లాక్ డగ్లస్’. జుట్టు నల్లగా ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు చెప్తారు. కానీ ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఆ నలుపుకి అర్థం వేరే. అక్కడ తల్లులు ఏడ్చే పిల్లల్ని పడుకోబెట్టడానికి ఇతని పేరు వాడేవాళ్లని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. మన ఇళ్లలో బూచాడు వస్తాడు అంటాం చూడండి, అలాగ.

ఒకే మనిషి, రెండు పేర్లు. రెండూ ఊరికే రాలేదు. ఈరోజు మనం మాట్లాడుకునేది దాని గురించే.

నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన ‘ఔట్‌లా కింగ్’ చూసిన వాళ్లకి ఇతను గుర్తుండే ఉంటాడు. ఆరన్ టేలర్ జాన్సన్ చేసిన పాత్ర. సినిమాలో ఇతను సైడ్ క్యారెక్టర్. చరిత్రలో మాత్రం అస్సలు కాదు.

ఓకే, ముందు బ్యాక్‌గ్రౌండ్ చెప్పుకుందాం. లేకపోతే ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో అర్థం కాదు.

1286లో స్కాట్లాండ్ రాజు మూడో అలెగ్జాండర్ ఒక రాత్రి గాలివానలో గుర్రం మీద వెళ్తూ పడి చనిపోయాడు. వారసురాలు ఒక్క మనవరాలే, చిన్నపిల్ల, నార్వేలో ఉంది. ఆ పాప కూడా 1290లో స్కాట్లాండ్ వచ్చే దారిలోనే చనిపోయింది. ఇక సింహాసనం నాదంటే నాదని పదిమందికి పైగా పోటీకి వచ్చారు. పంచాయితీ తీర్చమని పక్క దేశం రాజుని పిలిచారు. ఆయనే ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్. పిల్లులు రొట్టె పంచమని కోతిని పిలిచిన కథ మనందరికీ తెలుసు కదా. అదే ఇక్కడ కూడా జరిగింది. 1292లో ఎడ్వర్డ్ జాన్ బేలియల్ అనే ఆయన్ని రాజుగా తేల్చాడు, తర్వాత ఆ రాజునే తన కింద నౌకరులా చూశాడు. స్కాట్లాండ్ ఎదురు తిరిగింది. 1296లో ఎడ్వర్డ్ సైన్యంతో దిగాడు.

మొదటి దెబ్బ పడింది బెరిక్ మీద. అప్పట్లో స్కాట్లాండ్‌లో అత్యంత సంపన్నమైన రేవు పట్టణం అది. ఇంగ్లండ్ సైన్యం లోపలికి వచ్చి జనాన్ని వేలల్లో నరికేసింది. ఆ పట్టణం కోటకి అధిపతి ఎవరనుకుంటున్నారు? విలియం డగ్లస్. మన జేమ్స్ తండ్రి. ఊరు పడిపోయాక ఆయన కోటను అప్పగించక తప్పలేదు. అప్పటికి జేమ్స్‌కి పదేళ్లు ఉంటాయేమో.

ఈ తండ్రి కూడా తక్కువవాడేం కాదు. భర్త పోయిన ఒక ఇంగ్లండ్ దొరసానిని ఎత్తుకొచ్చి పెళ్లి చేసుకున్న మనిషి. మొండివాడు. తర్వాతి సంవత్సరం, 1297లో, విలియం వాలెస్ తిరుగుబాటు మొదలుపెట్టాడు. అదే, ‘బ్రేవ్‌హార్ట్’ సినిమాలో హీరో. అతనితో చేతులు కలిపిన మొదటి పెద్ద దొర ఈ విలియం డగ్లసే. మళ్లీ దొరికిపోయాడు. గొలుసులు వేసి లండన్ టవర్‌లో పెట్టారు. అక్కడే చనిపోయాడు.

డగ్లస్ కుటుంబం భూములన్నీ ఎడ్వర్డ్ తీసేసుకుని తన మనిషి రాబర్ట్ క్లిఫర్డ్‌కి ఇచ్చేశాడు. క్లిఫర్డ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

పిల్లాడిని పారిస్ పంపేశారు. తండ్రి లేడు, ఇల్లు లేదు, చేతిలో డబ్బు లేదు. కొన్నేళ్లకి తిరిగొచ్చి సెయింట్ ఆండ్రూస్ బిషప్ విలియం లాంబర్టన్ ఇంట్లో ఆశ్రయం పొందాడు. బిషప్ దగ్గర భోజనం వడ్డించే పని, మాంసం ముక్కలు కోసి పెట్టే పని చేసేవాడట. దొరల పిల్లలకి అప్పట్లో అది ఒక రకం ట్రైనింగే అనుకోండి.

1304లో బిషప్ ఈ కుర్రాడిని వెంటబెట్టుకుని ఎడ్వర్డ్ దగ్గరికి వెళ్లాడు. స్టర్లింగ్ కోట దగ్గర. ఈ అబ్బాయి మీకు విధేయంగా ఉంటాడు, తండ్రి భూములు తిరిగి ఇప్పించండి అని అడిగాడు. ఎవరి కొడుకని ఎడ్వర్డ్ అడిగాడు. విలియం డగ్లస్ కొడుకు అని తెలియగానే, ఆ మాట ఇంకోసారి నా ముందు ఎత్తొద్దు అని కసిరి పంపేశాడు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. జేమ్స్ ముందు వెళ్లింది యుద్ధానికి కాదు. అర్జీ పెట్టుకోవడానికి వెళ్లాడు. ఆ రోజు ఎడ్వర్డ్ సరే అని ఉంటే, మనకి తెలిసిన బ్లాక్ డగ్లస్ అనే మనిషే ఉండేవాడు కాదేమో. ఇంగ్లండ్ రాజుకి పన్ను కట్టుకుంటూ, లోయలో గొర్రెలు లెక్కపెట్టుకుంటూ బతికేవాడేమో. దేశభక్తి గురించి పెద్ద డైలాగులు తర్వాత వచ్చాయి. ముందు ఉన్నది భూమి. నాన్న భూమి.

రెండేళ్లు గడిచాయి. 1306 ఫిబ్రవరి 10న రాబర్ట్ బ్రూస్ అనే దొర తన పోటీదారు జాన్ కోమిన్‌ని డంఫ్రీస్ అనే ఊళ్లో, చర్చి లోపల, పొడిచేశాడు. చర్చిలో హత్య అంటే ఆ కాలంలో ఘోరమైన పాపం. తర్వాత పోప్ బహిష్కరించాడు కూడా. ఇక వెనక్కి దారి లేదు కాబట్టి బ్రూస్ ముందుకే వెళ్లి, మార్చి 25న స్కూన్‌లో తనకి తాను కిరీటం పెట్టించుకున్నాడు.

పట్టాభిషేకానికి వెళ్లే దారిలో ఒక కుర్రాడు గుర్రం మీద ఎదురొచ్చాడు. బిషప్ గుర్రపుశాలలోంచి తెచ్చుకున్న గుర్రం. దిగి, మోకాళ్ల మీద కూర్చుని, నువ్వే నా రాజువి అన్నాడు. అతనే జేమ్స్. వయసు ఇరవై.

ఇక్కడొక ట్విస్ట్ ఉంది. 1297లో, అంటే సరిగ్గా తొమ్మిదేళ్ల ముందు, బ్రూస్ ఇంకా ఎడ్వర్డ్ వైపు ఉన్న రోజుల్లో, ఎడ్వర్డ్ మాట మీద డగ్లస్ భూముల మీద దాడి చేసి, విలియం భార్యాపిల్లల్ని పట్టుకుపోయింది ఎవరో కాదు, ఇదే బ్రూస్. ఆ తర్వాత వెంటనే పార్టీ మార్చి తిరుగుబాటులో కలిశాడు. జేమ్స్‌కి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? అయినా వచ్చి మోకరిల్లాడు. ఎందుకంటే ఆ రోజు అతని భూమి తిరిగి రావాలంటే ఉన్నది ఒకే ఒక్క దారి, ఆ దారి మీద నడుస్తున్నవాడు బ్రూస్ ఒక్కడే. పాత కక్షా, పాత స్నేహమా అని చూసుకునే టైమ్ కాదది.

మొదటి ఏడాది మొత్తం ఓటములే. జూన్‌లో మెథ్వెన్ దగ్గర బ్రూస్ సైన్యం చెదిరిపోయింది. బ్రూస్ తమ్ముళ్లని ఎడ్వర్డ్ ఒక్కొక్కరిగా పట్టుకుని చంపించాడు. ఆడవాళ్లని బందీ చేశాడు. బ్రూస్, జేమ్స్, ఇంకొంతమంది అడవుల్లో, దీవుల్లో దాక్కుని బతికారు. చేపలు పట్టుకుని, వేట మాంసం తిని. ఆ చలికాలంలోనే ఈ ఇద్దరి మధ్య చనిపోయేదాకా తెగని బంధం ఏర్పడింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన రోజుకి వద్దాం. 1307 మార్చి 19. మట్టల ఆదివారం.

ఒక చిన్న డిస్‌క్లెయిమర్. ఈ కథ వివరాలు మనకి చెప్పింది జాన్ బార్బర్ అనే స్కాటిష్ చర్చి అధికారి. 1375లో ఆయన బ్రూస్ మీద ఒక పెద్ద కావ్యం రాశాడు. అంటే జేమ్స్ చనిపోయిన 45 ఏళ్ల తర్వాత. పైగా జేమ్స్ అంటే ఆయనకి విపరీతమైన అభిమానం. కాబట్టి ఫ్యాన్ రాసిన బయోపిక్ అనుకుని వినండి. కానీ అభిమాని కూడా దాచలేకపోయిన విషయాలు ఇందులో ఉన్నాయి, అందుకే నేను నమ్ముతాను.

జేమ్స్ ఇద్దరంటే ఇద్దరు మనుషులతో మారువేషంలో డగ్లస్ లోయలోకి వచ్చాడు. థామస్ డిక్సన్ అని వాళ్ల నాన్న దగ్గర పనిచేసిన నమ్మకస్తుడు ఉన్నాడు. అర్ధరాత్రి అతని ఇంట్లో దిగాడు. దొరబాబు బతికే ఉన్నాడని చూసి డిక్సన్ ఏడ్చేశాడట. రోజూ రాత్రిళ్లు ఒక్కొక్క పాత మనిషిని పిలిపించి ప్లాన్ చెప్పారు.

ఆదివారం కోట కాపలా దళం, ముప్పై మంది దాకా, ప్రార్థనకి సెయింట్ బ్రైడ్ చర్చికి వచ్చారు. చేతుల్లో మట్టలు. వాళ్ల వెనకాల చిరిగిన బొంత కప్పుకున్న రైతులు కొంతమంది. ఆ బొంతల కింద కత్తులు. ‘డగ్లస్! డగ్లస్!’ అని కేక వినిపించింది. అంతే. చర్చిలో కొందరు చనిపోయారు, మిగిలిన వాళ్లు బందీలయ్యారు.

కోటకి వెళ్లి చూస్తే లోపల ఉన్నది ద్వారపాలకుడు, వంటవాడు. గేటు తెరిచే ఉంది. బల్లల మీద గుడ్డలు పరిచి, కాపలా దళం తిరిగొచ్చి తినడానికి వేడివేడి భోజనం సిద్ధంగా ఉంది. జేమ్స్ గేటు మూయించి, తన మనుషులతో కూర్చుని తిన్నాడు. పదేళ్ల తర్వాత సొంత ఇంట్లో భోజనం.

ఇంతవరకు ఏ సినిమాకైనా సరిపోయే ఇంటర్వెల్ సీన్. విజిల్స్ పడతాయి. కానీ తర్వాత జరిగింది చూడండి.

పట్టుకెళ్లగలిగిన ఆయుధాలు, డబ్బు, బట్టలు తీసుకున్నారు. మిగిలిన గోధుమలు, పిండి, మాల్ట్ అన్నీ కింద నేలమాళిగలో కుప్పగా పోశారు. సారాయి పీపాలు పగలగొట్టి దాని మీద పారబోశారు. బందీలని తీసుకొచ్చి ఆ కుప్ప మీదే తలలు నరికారు. బావిలో ఉప్పు పోసి, చచ్చిన గుర్రాలు పడేశారు. ఆఖర్న మొత్తానికి నిప్పు పెట్టారు.

ఆ లోయ జనం దీనికి ‘డగ్లస్ లార్డర్’ అని పేరు పెట్టుకున్నారు. లార్డర్ అంటే ఇంట్లో తిండి సామాన్లు దాచుకునే కొట్టుగది. రక్తం, పిండి, సారాయి కలిసిన కొట్టుగది.

ఎందుకు చేశాడు ఇలా? కోపం ఒక కారణం, కాదనను. కానీ దీని వెనక ఒక లెక్క కూడా ఉంది. అతని దగ్గర ఉన్నది గుప్పెడు మంది. కోటలో కూర్చుంటే వారంలో ఇంగ్లండ్ సైన్యం వచ్చి చుట్టుముడుతుంది. బయట సాయం చేసేవాడు లేడు. అంటే ఆ కోట తనకి ఆస్తి కాదు, ఉచ్చు. శత్రువుకి మాత్రం అదే కోట బలం, ఎందుకంటే అక్కడ కూర్చుని లోయంతా అదుపులో పెట్టొచ్చు. నేను నిలబెట్టుకోలేని కోట నా శత్రువు కోటే. అది అతనికి అర్థమైంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక మాట నేర్చుకున్నా. మనం రాసిన కోడ్ మీద మమకారం పెట్టుకుంటే డిలీట్ చేయలేం. ఇక్కడ ఇతను డిలీట్ చేసింది కోడ్ కాదు, పుట్టి పెరిగిన ఇల్లు.

క్లిఫర్డ్ మనుషులు కోటని మళ్లీ కట్టారు. జేమ్స్ మళ్లీ వచ్చాడు. ఒకసారి పశువులని తోలుకెళ్తున్నట్టు ఎర వేసి కాపలా దళాన్ని బయటికి లాగి చంపాడు. ఇంకోసారి గడ్డి నింపిన బస్తాలు గుర్రాల మీద వేసుకుని, సంతకి ధాన్యం తీసుకెళ్లే వ్యాపారుల్లా నటించాడు. ఆకలితో ఉన్న కాపలా దళం దోచుకుందామని బయటికి పరిగెత్తుకొచ్చింది. ఆ దళనాయకుడి పేరు జాన్ వెబ్టన్. అతను చచ్చాక సంచిలో ఒక ఉత్తరం దొరికిందట. ఒక అమ్మాయి రాసింది: ఈ భయంకరమైన కోటని ఏడాది పాటు కాపాడితే నీ ప్రేమని ఒప్పుకుంటానని. పాపం, ఏడాది నిండలేదు. ఈసారి జేమ్స్ కోట గోడల్ని నేలమట్టం చేయించాడు.

ఇది ఒక్క కోటతో ఆగలేదు. బ్రూస్ యుద్ధం మొత్తం ఇదే పద్ధతిలో నడిచింది. కోట పట్టుకో, కాపలా పెట్టొద్దు, పడగొట్టెయ్. 1307 జూలైలో మొదటి ఎడ్వర్డ్ చనిపోయాడు, కొడుకు రెండో ఎడ్వర్డ్ రాజయ్యాడు. తండ్రి అంత సమర్థుడు కాదు. కోటలు ఒక్కొక్కటిగా స్కాట్‌ల చేతికి వచ్చాయి.

1314 ఫిబ్రవరిలో రాక్స్‌బరో కోట జేమ్స్ చేతికి చిక్కింది. ఈస్టర్ ముందు ఉపవాస దినాలు మొదలయ్యే ముందు రాత్రి అది. కోటలో అందరూ తాగి డాన్సులు చేస్తున్నారు. చీకట్లో నల్లటి ఆకారాలు కొన్ని నాలుగు కాళ్ల మీద మెల్లగా వస్తున్నాయి. గోడ మీద కాపలావాళ్లు చూసి, ఈ రైతు తాగేసి ఎడ్లని కట్టేయడం మర్చిపోయాడు, రాత్రికి డగ్లస్ ఎత్తుకుపోతాడు అని జోకులేసుకున్నారట. అవి ఎడ్లు కాదు. నల్ల బొంతలు కప్పుకుని పాకుతున్న డగ్లస్ మనుషులు. ఇనప కొక్కేలున్న తాళ్ల నిచ్చెనలు గోడకి తగిలించి ఎక్కేశారు. తర్వాత ఈ కోటని కూడా పడగొట్టేశారు. మార్చిలో బ్రూస్ మేనల్లుడు థామస్ రాండాల్ఫ్ ఎడిన్‌బరో కోటని పట్టుకున్నాడు, దాన్నీ అంతే.

ఇక జూన్ 23, 24. బ్యానక్‌బర్న్. స్కాట్లాండ్ చరిత్రలో అతి పెద్ద విజయం. మొదటి రోజు రాండాల్ఫ్ దళం మీదికి ఇంగ్లండ్ అశ్వదళం దూసుకొచ్చింది. దాన్ని నడిపింది ఎవరో గెస్ చేయండి. రాబర్ట్ క్లిఫర్డ్. అవును, డగ్లస్ భూములు తిన్న మనిషే. రాండాల్ఫ్ ఇబ్బందుల్లో ఉన్నాడని జేమ్స్ సాయానికి పరిగెత్తాడు. దగ్గరికొచ్చి చూస్తే ఇంగ్లండ్ వాళ్లే వెనకడుగు వేస్తున్నారు. వెంటనే తన మనుషుల్ని ఆపేశాడు. ఈ గెలుపు రాండాల్ఫ్‌ది, మనం వెళ్లి పంచుకోవద్దు అన్నాడని బార్బర్ రాశాడు. ఎదురుగా ఉన్నది తన ఇల్లు లాక్కున్నవాడు. అయినా ఆగాడు. ‘గుడ్ సర్ జేమ్స్’ అనే పేరు ఎందుకొచ్చిందో ఇలాంటి చోట అర్థమవుతుంది.

మర్నాడు క్లిఫర్డ్ యుద్ధంలో చనిపోయాడు. రెండో ఎడ్వర్డ్ పారిపోయాడు. జేమ్స్ అరవై మంది గుర్రపువాళ్లతో డన్‌బార్ దాకా వెంటాడాడు. ఇంగ్లండ్ వాళ్లకి మూత్రానికి ఆగే టైమ్ కూడా ఇవ్వలేదట. ఇది నేను చెప్తున్నది కాదు, బార్బరే రాశాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కమర్షియల్ సినిమా. పగ తీరింది, భూమి వచ్చింది, శుభం కార్డు. కానీ జీవితం ఇంకో పదహారేళ్లు ఉంది. ‘బ్లాక్’ అనే పేరు ఎక్కువగా ఈ పదహారేళ్ల సంపాదన.

ఓడిపోయినా ఇంగ్లండ్ రాజు బ్రూస్‌ని రాజుగా ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా నీ దేశం ఉత్తరం కాలుతూనే ఉంటుంది అని బ్రూస్ డిసైడ్ అయ్యాడు. ఆ పని జేమ్స్‌కి, రాండాల్ఫ్‌కి అప్పజెప్పాడు. వేగంగా నడిచే చిన్న గుర్రాలు, సంచిలో కాస్త ఓట్స్ పిండి, కాల్చుకోవడానికి ఒక ఇనప రేకు. రోజుకి బోలెడు దూరం వెళ్లేవాళ్లు. ఊరికి వచ్చి డబ్బు కడతారా, తగలబెట్టమంటారా అని అడిగేవాళ్లు. డర్హమ్ లాంటి ప్రాంతాలు మళ్లీ మళ్లీ డబ్బు కట్టి శాంతి కొనుక్కున్నాయి. మనం రోజూ వాడే ‘బ్లాక్‌మెయిల్’ అనే మాట పుట్టింది కూడా ఇదే సరిహద్దులో, ఇంకో రెండు వందల ఏళ్ల తర్వాత. అప్పటికి ఆ పద్ధతి అక్కడ ఒక వృత్తి అయిపోయింది.

ఇందులో ఒక డేట్ చూడండి. 1315 నుంచి 1317 వరకు ఉత్తర యూరప్ అంతా మహాకరువు. ఎడతెగని వానలకి పంటలు కుళ్లిపోయాయి. జనం ఆకలితో చచ్చిపోతున్న ఆ ఏళ్లలో కూడా దాడులు ఆగలేదు. పశువుల్ని తోలుకుపోయారు, కొట్టాలు కాల్చారు. బెరిక్‌లో ఊచకోత చేయించింది ఎడ్వర్డ్ రాజు. డర్హమ్‌లో ఆవు పోగొట్టుకున్నది ఆ ఎడ్వర్డ్ ముఖం కూడా ఎప్పుడూ చూడని రైతు.

1318లో స్కాట్‌లు బెరిక్‌ని తిరిగి గెలుచుకున్నారు. తండ్రి పోగొట్టిన పట్టణంలోకి కొడుకు అడుగుపెట్టాడు. మర్నాటి ఏడాది రెండో ఎడ్వర్డ్ దాన్ని ముట్టడిస్తే, జేమ్స్, రాండాల్ఫ్ ఆ సైన్యాన్ని వదిలేసి నేరుగా యార్క్ వైపు దూసుకెళ్లారు. యార్క్‌లో సైనికులు లేరు. ఆర్చ్‌బిషప్ దొరికిన వాళ్లనల్లా పోగుచేశాడు. వ్యాపారులు, రైతులు, చర్చి పూజారులు. 1319 సెప్టెంబర్ 20న మైటన్ అనే చోట ఆ గుంపు స్కాట్‌లకి ఎదురెళ్లింది. దాన్ని యుద్ధం అనడం కష్టం. ఎంతోమంది నరకబడ్డారు, ఎంతోమంది స్వేల్ నదిలో మునిగిపోయారు. చచ్చినవాళ్లలో తెల్ల అంగీలు వేసుకున్న పూజారులు అంతమంది ఉన్నారు కాబట్టి దానికి ‘మైటన్ ఛాప్టర్’ అని పేరు వచ్చింది. ఛాప్టర్ అంటే చర్చి పూజారుల సభ. ఎంత చేదు జోకో చూడండి. ప్లాన్ మాత్రం వర్కవుట్ అయింది, ఎడ్వర్డ్ బెరిక్ ముట్టడి ఎత్తేశాడు.

1327లో ఇంకో రాత్రి. ఇప్పుడు ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్, వయసు పద్నాలుగు. వియర్ నది పక్కన క్యాంప్. అర్ధరాత్రి జేమ్స్ కొన్ని వందల మందితో క్యాంప్ మధ్యలోకి గుర్రాలు దూకించి, గుడారాల తాళ్లు కోసుకుంటూ రాజు గుడారం దాకా వెళ్లాడు. కుర్ర రాజు త్రుటిలో బయటపడ్డాడు. స్కాట్‌లు తప్పించుకుపోయారని తెలిసి ఏడ్చేశాడట. ఇంగ్లండ్ ఖజానా ఖాళీ. 1328లో సంధి. బ్రూస్‌ని రాజుగా, స్కాట్లాండ్‌ని స్వతంత్ర దేశంగా ఒప్పుకున్నారు. అంటే ఆ భయం పనిచేసింది. అది కూడా నిజమే.

మరుసటి ఏడాది, 1329 జూన్ 7న, బ్రూస్ చనిపోయాడు. చనిపోయే ముందు దొరలని పిలిచి, నా చేతులకి చాలా రక్తం అంటింది, పాపపరిహారానికి దైవశత్రువుల మీద యుద్ధానికి వెళ్దామనుకున్నా, వెళ్లలేకపోయా, నా గుండెనైనా తీసుకెళ్లండి అని అడిగాడు. ఎవరు తీసుకెళ్తారంటే అందరూ ఒకే పేరు చెప్పారు. బ్రూస్ గుండెని ఒక పెట్టెలో పెట్టి మెడలో వేసుకుని జేమ్స్ ఓడ ఎక్కాడు.

ఆలోచించండి. ఈ మనిషి ఇరవై ఏళ్ల దాకా అడిగింది ఒక్క లోయ. ఇప్పుడు అతని చేతిలో ఎన్నో లోయలు ఉన్నాయి. బ్రూస్ అతనికి అధికారపత్రంతో పాటు తన వేలి పచ్చ ఉంగరం కూడా ఇచ్చాడు. దేశంలో అతి పెద్ద భూస్వాముల్లో ఒకడు. వయసు నలభై దాటింది. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. అవన్నీ వదిలేసి వెళ్లిపోయాడు.

స్పెయిన్‌లో కాస్టిల్ రాజు పదకొండో ఆల్ఫోన్సో, గ్రనడా ముస్లిం రాజ్యంతో యుద్ధం చేస్తున్నాడు. జేమ్స్ అతని సైన్యంలో చేరాడు. 1330 ఆగస్టులో టేబా కోట దగ్గర పోరు. గ్రనడా గుర్రపువాళ్లు వెనక్కి తగ్గినట్టు నటించి తిరగబడ్డారు. ఆశ్చర్యం ఏంటంటే, జీవితమంతా జేమ్స్ వాడిన ట్రిక్కే అది. పశువులని ఎరవేసి కోట దళాన్ని బయటికి లాగినవాడు, తానే బయటికి లాగబడ్డాడు. స్నేహితుడు విలియం సింక్లెయిర్ శత్రువుల మధ్య చిక్కుకుంటే కాపాడటానికి వెనక్కి తిరిగాడని, అక్కడే ఇద్దరూ చనిపోయారని బార్బర్ రాశాడు.

బ్రూస్ గుండె పెట్టెని ముందుకి విసిరి, దాని వెనకే దూకాడని ఒక సీన్ అందరూ చెప్తారు. సూపర్ సీన్. కానీ అది తర్వాతి కాలంలో కావ్యానికి అతికించింది. స్పెయిన్ వాళ్ల చరిత్రలో ఇతని పేరు కూడా లేదు. ఒక విదేశీ దొర తన తప్పిదం వల్ల చనిపోయాడని ఒక్క మాట. స్కాట్లాండ్‌కి మహావీరుడు, అక్కడ ఒక లైన్.

చెయ్యి విరిగి ఆ రోజు యుద్ధానికి వెళ్లలేకపోయిన విలియం కీత్, జేమ్స్ ఎముకలని, బ్రూస్ గుండెని ఇంటికి తీసుకొచ్చాడు. గుండె మెల్రోజ్ మఠంలో ఉంది. 1996లో తవ్వకాల్లో సీసపు పెట్టె బయటపడితే 1998లో మళ్లీ అక్కడే పూడ్చారు. జేమ్స్ ఎముకలు ఎక్కడున్నాయంటే, డగ్లస్ గ్రామంలో సెయింట్ బ్రైడ్ చర్చిలో. మట్టల ఆదివారం నాడు అతను కత్తి దూసిన అదే చర్చి.

అతను అంత కష్టపడి సాధించిన శాంతి మాత్రం ఐదేళ్లు కూడా నిలవలేదు. 1333లో హాలిడన్ హిల్ దగ్గర, ఆ రాత్రి ఏడ్చిన కుర్రాడు, మూడో ఎడ్వర్డ్, స్కాట్‌ల సైన్యాన్ని తుడిచిపెట్టేశాడు. జేమ్స్ తమ్ముడు ఆర్చిబాల్డ్ చనిపోయాడు. జేమ్స్ కొడుకు విలియం చనిపోయాడు. బెరిక్ మళ్లీ పోయింది.

డగ్లస్ కోట సంగతి కూడా చెప్పి ముగిస్తా. తర్వాతి తరాల వాళ్లు అదే చోట మళ్లీ మళ్లీ కట్టుకున్నారు. 20వ శతాబ్దంలో కోట పక్కన నేల కింద బొగ్గు తవ్వారు. నేల కుంగిపోయి కోటని పడగొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ మిగిలింది ఒక మూల బురుజు, చుట్టూ గడ్డి.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు లార్డర్ సీన్ ఒక ఎలివేషన్‌లా అనిపించింది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా మనసులో మోగింది. రెండోసారి చదివినప్పుడు వేరే ప్రశ్న వచ్చింది. నేలమాళిగలో కాలిన ఆ గోధుమలు ఎవరివి? కోటలో ఉన్న సైనికులు నాగలి పట్టరు కదా. ఆ లోయ రైతులు పండించినవే అయి ఉంటాయి. అంటే డిక్సన్ లాంటి వాళ్లవి. దొరబాబు తిరిగొచ్చాడని ఏడ్చిన వాళ్ల తిండే ఆ రోజు కాలింది. దొరబాబు మళ్లీ అడవిలోకి వెళ్లిపోయాడు. వాళ్లు అక్కడే ఉండిపోయారు, క్లిఫర్డ్ మనుషులు వచ్చేదాకా.

గుడ్ సర్ జేమ్స్ ఆ, బ్లాక్ డగ్లసా అని నన్ను అడిగితే, ఒకటి ఎంచుకోను. అర్జీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడిని కసిరి పంపిన రోజు ఆ రెండు పేర్లూ కలిసే పుట్టాయి. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఒకటి వినిపిస్తుంది, ఇంకోటి వినిపించదు. మనం చరిత్ర చదివేటప్పుడు ఆ వినిపించని పేరు కోసం కూడా ఒక చెవి ఉంచుదాం.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. ఇంకో కథతో మళ్లీ కలుద్దాం. ఉంటాను.